రెల్లు గడ్డి చుట్టరికం: జానకి అమ్మాళ్ కోసం ఐదు రోజులు

శుక్రవారం, విశాఖ

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బళ్లో మహిళా శాస్త్రవేత్తల మీద ప్రాజెక్టు ఇచ్చి చీటీలు తీయించారు. పక్క పిల్లకి కల్పనా చావ్లా వచ్చింది, మా దానికి జానకి అమ్మాళ్ వచ్చింది. "ఎవరమ్మా ఈవిడ, క్లాసులో ఎవరికీ తెలీదు" అని బ్యాగు సోఫాలోకి విసిరేసి గంట సేపు మూతి ముడుచుకుని కూర్చుంది. తర్వాత ఫోన్లో వెతికి, "మన చెరకుని తియ్యగా చేసిన ఆవిడ అట. అంతకుముందు చెరకు చప్పగా ఉండేదా?" అని అడిగింది. నేను పుట్టింది చోడవరం పక్కన, బెల్లం వండే ఇంట్లో. చిన్నప్పుడు సంక్రాంతి సెలవులన్నీ గానుగ దగ్గరే గడిచాయి. అయినా జవాబు చెప్పలేకపోయాను, సిగ్గేసింది.

మా చిన్నాన్నకి ఫోన్ చేశాను. ఆయన వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్లు ఊళ్లు తిరిగి తిరిగి రిటైరయ్యారు. "అది ఫోన్లో చెప్పే సంగతి కాదమ్మా, నాలుగు రోజులు సెలవు పెట్టు, తిరుగుదాం, నాకూ ఇంట్లో తోచట్లేదు" అన్నారు. డిసెంబర్లో బ్యాంకులో సెలవు దొరకడం అంటే ఎంత కష్టమో తెలిసినవాళ్లకి తెలుసు, ఎలాగో దొరికింది. అలా మొదలైంది ఈ ప్రయాణం.

మొదటి రోజు ఎక్కడికీ వెళ్లలేదు, పొద్దున్నే బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర చెరకు రసం బండి, అంతే. బండబ్బాయి గడ తీసి యంత్రంలో పెట్టబోతుంటే చిన్నాన్న ఆపి, గడ చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్దారు. తెల్లటి మైనం లాంటి పొడి వేలికి అంటింది. కణుపు దగ్గర చూపించారు: గుండ్రంగా వరసలో చిన్న చిన్న చుక్కలు, అవి వేళ్లు పుట్టే చోట్లు, వాటి మధ్య ఒక కన్ను. ఆ కన్ను ఉన్న ముక్క పాతితేనే మొక్క. "మనం చెరకుని గింజ పెట్టి పెంచం కదా, ముచ్చెలు పాతుతాం. అందుకని చెరకుకి పెళ్లి ఉంటుందని, పిల్లలు పుడతాయని రైతుకి పెద్దగా తెలిసే అవకాశం లేదు. మీ జానకమ్మ పనంతా ఆ పెళ్లిళ్ల లెక్కే" అన్నారు. బండబ్బాయి విసుక్కుని, "ఏటి సార్, రసం కావాలా వద్దా?" అన్నాడు.

రసం తాగి సముద్రం వైపు తిరిగి కూర్చున్నాం. చిన్నాన్న జేబులోంచి మడత కాగితం తీశారు, ఫోన్ చేసిన రోజు రాత్రే రాసుకున్నారట. ఎడవలత్ కక్కాట్ జానకి అమ్మాళ్, 1897 నవంబర్ 4న కేరళలోని తలశ్శేరిలో పుట్టింది. తండ్రి సబ్ జడ్జి, మొక్కల పిచ్చి ఉన్న మనిషి. ఇంటి నిండా పిల్లలు, ఇద్దరు భార్యల పిల్లలు కలిపితే పందొమ్మిది మంది. అక్కచెల్లెళ్లకి ఒక్కొక్కరికీ పెళ్లిళ్లు అవుతున్నాయి, ఈవిడకి కూడా సంబంధం మాటలు నడుస్తున్నాయి, అప్పుడు అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి బార్బర్ స్కాలర్‌షిప్ వచ్చింది. ఓడెక్కేసింది. న్యూయార్కు చేరాక ఎల్లిస్ ద్వీపంలో ఆపారట. పట్టుచీర, పొడుగు జుట్టు చూసి అక్కడివాళ్లు ఎవరో రాకుమారి అనుకుని వదిలేశారని, రాకుమారివా అని అడిగితే ఆవిడ కాదనలేదని ఒక కథ చెబుతారు. నాకు ఈ కథ భలే నచ్చింది, అమ్మాయికి వెంటనే మెసేజ్ పెట్టాను. క్లాసులో ఉండి కూడా జవాబిచ్చింది (ఫోన్ బడికి ఎలా వెళ్లిందో ఇంటికెళ్లాక తేల్చాలి): "సరే ఇప్పుడు కొంచెం బాగుంది."

1931లో మిషిగన్ ఆవిడకి డాక్టరేట్ ఇచ్చింది. మొక్కల్లో పీహెచ్‌డీ స్థాయి చదువు చదివిన తొలి భారతీయ మహిళల్లో ఒకరు. అక్కడ తయారుచేసిన ఒక సంకర వంకాయకి జానకి పేరే పెట్టారు. తిరిగొచ్చి తిరువనంతపురంలో రెండేళ్లు పాఠాలు చెప్పి, 1934లో కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రంలో, అంటే కొత్త చెరకు రకాలు పుట్టించే చోట, చేరింది.

శనివారం, అనకాపల్లి

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం మీదుగా అనకాపల్లి. గంట చాలు అనుకున్నాం, గాజువాక దాటడానికే ముప్పావుగంట పట్టింది. రెండో శనివారం కాబట్టి ఆఫీసులు లేవు, చెరకు పరిశోధన స్థానాన్ని రోడ్డు మీద నుంచే చూశాం. 1913లో మొదలైందిది. కోయంబత్తూరు కేంద్రం 1912, అంటే ఇది దానికి ఒక్క ఏడాది చెల్లెలు. కంచె అవతల చెరకు మడులు, ఒక్కో మడి ముందు ఒక్కో పలక, పలక మీద అంకెలు. చిన్నాన్న కంచె పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు, ఉద్యోగంలో ఉన్నప్పుడు శిక్షణకి ఇక్కడికే వచ్చేవారట. అప్పుడే చూశాను, ఎడమ కాలు కొంచెం కుంటుతున్నారు. అడిగితే "చెప్పు కరిచింది" అన్నారు.

అక్కణ్నుంచి బెల్లం మార్కెట్. సీజన్ ఇంకా పూర్తిగా అందుకోలేదు, అయినా వరసలు వరసలుగా దిమ్మలు, ఆ వాసన, ఈగలు. దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. ఇక్కడ ధర తేల్చేది రుచి కాదు, రంగు. పసుపు తిరిగింది మొదటి రకం, నల్లబడింది ఆఖరు రకం. నల్లబెల్లమే మంచిదని మనం ఇప్పుడు ఆన్‌లైన్లో డబుల్ రేటు పెట్టి కొంటున్నాం, అది వేరే కథ.

మధ్యాహ్నం శారదా నది వంతెన దాటి గట్టు దిగాం, చిన్నాన్న పట్టు పట్టారు. గట్టు నిండా రెల్లు. దసరాకి వచ్చి ఉంటే తెల్లగా పాలు పొంగినట్టు ఉండేది, ఇప్పుడు పూత రాలిపోయి ఎండిన వెన్నులు అక్కడక్కడా మిగిలాయి. ఒక దుబ్బు మొదట్లో పుల్ల విరిచి నాకిచ్చి నమలమన్నారు. పీచు, పీచు, పీచు, దాని అడుగున ఎక్కడో అర చుక్క తీపి. నాలుక కోసుకుపోయింది కూడా. తర్వాత పక్క పొలంలో పూతకొచ్చిన చెరకు వెన్ను ఒకటి కోసి రెండూ పక్కపక్కన పట్టారు. నేను ఆశ్చర్యపోయాను, అక్కాచెల్లెళ్ల జడల్లా ఉన్నాయి. వెండి రంగు కుచ్చు, పట్టులాంటి వెంట్రుకలు, చెరకుది ఇంకాస్త పెద్దది, అంతే.

కథ ఇదీ. తియ్యటి లావు చెరకు ఒక జాతి, డచ్చివాళ్లు జావాలో దానికి 'నోబుల్ కేన్' అని పేరు పెట్టారు, చిన్నాన్న భాషలో జమీందారు చెరకు. రసం బోలెడు, కానీ సుకుమారం. చలి పడదు, ఎద్దడి పడదు, తెగులొస్తే పడుకుంటుంది. ఉత్తరాదిలో పండే సన్న చెరకుకి ఓర్పు ఉంది, రసం లేదు. మన దేశమేమో జావా నుంచి పంచదార కొనుక్కుంటోంది. కోయంబత్తూరులో చార్లెస్ బార్బర్, ఆయన తర్వాత టి.ఎస్. వెంకటరామన్, ఈ జమీందారు చెరకుని తెచ్చి నదిగట్టు రెల్లుతో కలిపారు. వెల్లై అనే తెల్ల చెరకు తల్లి, కోయంబత్తూరు రెల్లు తండ్రి. ఆ బిడ్డ కో 205, 1918లో పంజాబుకి వెళ్లింది, అక్కడి స్థానిక రకాల కంటే సుమారు ఒకటిన్నర రెట్లు పండింది. కో అంటే కోయంబత్తూరు.

అంటే జానకి అమ్మాళ్ చేరడానికి పదహారేళ్ల ముందే ఈ సంబంధం కలిసింది! "మరి చెరకుని తియ్యగా చేసింది ఆవిడ అని రాస్తున్నారేంటి?" అన్నాను. చిన్నాన్న నవ్వి, "ఒక్క ముక్కలో చెప్పాలంటే అలాగే చెబుతారమ్మా. పిల్లల పుస్తకానికి సరిపోద్ది" అన్నారు. నాకు మాత్రం అది అంత తేలిగ్గా వదిలేసే సంగతి అనిపించలేదు. ఒక మనిషి ఐదేళ్లు కూర్చుని చేసిన పనిని ఒక మంచి వాక్యం మింగేస్తే, పొగిడినట్టా, పక్కన పెట్టినట్టా?

ఆదివారం, చోడవరం పక్క ఊరు

ఊరి పేరు రాయను, చుట్టాలు చదివితే మా ఇంటికెందుకు రాలేదంటారు. మా పెదమావయ్య వాళ్ల గానుగ ఈ ఏడాది వారం కిందటే మొదలైంది. తెల్లవారుజామున నాలుగింటికే పొయ్యి వెలిగించారట. మేం వెళ్లేసరికి రెండో పెనం ఉడుకుతోంది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నేను ఇరవై ఏళ్ల తర్వాత చూశాను. మోటారు గానుగలోంచి రసం ఆకుపచ్చ బూడిద రంగులో కారుతుంది, దాన్ని వడగట్టి పెనంలో పోస్తారు. పెనం అంటే మన దోసెల పెనం కాదు, నలుగురు కూర్చునేంత వెడల్పు. పొయ్యిలోకి కట్టెలు కాదు, నిన్నటి చెరకు ఎండిన పిప్పే. వేడెక్కగానే సున్నం నీళ్లు పోస్తారు, మురికంతా మడ్డిగా పైకి తేలుతుంది, దాన్ని జల్లి గరిటెతో తీస్తూనే ఉండాలి. తర్వాత పొంగు. అంత పెద్ద పెనం ఒక్కసారిగా లేస్తుంది, ఒకతను నాలుగు చుక్కలు నూనె చిలకరించగానే ఠక్కున కూర్చుంటుంది. చివర్లో రంగు మారి బుడగలు బరువెక్కి 'గుబ్, గుబ్' అనడం మొదలవుతుంది. అప్పుడు మావయ్య చన్నీళ్ల చెంబులో ఒక చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి, చెంబు అంచుకి కొట్టి విన్నాడు. రుచి చూడటం కాదు, వినడం. "ఇంకా అయిపోలేదు" అన్నాడు. రెండు నిమిషాలాగి మళ్లీ కొట్టి "దించీండి" అని అరిచాడు, ఆ తర్వాత ఒక్క క్షణం ఆలస్యమైనా మాడు వాసనే.

రకం ఏంటి అని అడిగాను. "ఎనబై ఏడు ఏ రెండొందల తొంబైఎనిమిది" అన్నాడు, ఆధార్ నంబరు చెప్పినట్టు. దాని అసలు పేరు విశ్వామిత్ర, 87 ఏ 298. ఆ 'ఏ' అంటే అనకాపల్లి. మావయ్య తండ్రికి తొంభై దాటాయి, మంచం మీంచే అందుకున్నాడు: "అవన్నీ ఏటి, నాలుగొందల పంతొమ్మిది ఉండీది. గెడ సూస్తే ఇంతలావు. ఇప్పుడలాటిది నేదు." కో 419 అది, వెంకటరామన్ కాలం నాటిది, దక్షిణాదంతా ఏలిన రకం. ఎర్రకుళ్ళు లాంటి తెగుళ్లొచ్చి పాత రకాలు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. తాతగారు మాత్రం దాన్ని చనిపోయిన ఎద్దుని తలుచుకున్నట్టు తలుచుకున్నారు.

వేడి బెల్లం ఆకులో వేసుకుని గట్టు మీద కూర్చున్నాక చిన్నాన్న అసలు పాఠం చెప్పారు. నేనర్థం చేసుకున్నట్టు రాస్తున్నాను, తప్పుంటే నాదే.

ప్రతి జీవికీ కణంలో క్రోమోజోములు ఉంటాయి, తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకి మోసుకెళ్లే పోగులు. మనకి 46. జమీందారు చెరకుకి 80. రెల్లుకి? ఇక్కడే తమాషా. రెల్లు ఒక్కోచోట ఒక్కో లెక్క చూపిస్తుంది, 40 నుంచి 128 దాకా. కోయంబత్తూరు రెల్లుకి 64. జానకి అమ్మాళ్ దేశంలో రకరకాల చోట్ల నుంచి వచ్చిన రెల్లుని తీసుకుని సూక్ష్మదర్శిని కింద ఓపిగ్గా ఒక్కొక్క దాన్నీ లెక్కపెట్టింది, ఏ ప్రాంతపు రెల్లుకి ఎంత, ఏది దేనికి దగ్గర అని. చూడ్డానికి గడ్డి, లెక్క పెడితే మహా వంశవృక్షం.

ఇంకో చిత్రం. మామూలుగా తల్లి సగం, తండ్రి సగం ఇస్తారు కదా. జమీందారు చెరకు తల్లిగా, రెల్లు తండ్రిగా కలిపితే తల్లి చాలాసార్లు సగం కాదు, మొత్తం 80 ఇచ్చేస్తుంది. తండ్రి తన సగం 32 ఇస్తాడు. 80, 32 కలిపితే 112. కో 205కి ఉన్నవి అవే. "మీ పెదమ్మ లాగ, కూతురికి ఇంట్లో ఉన్నదంతా పెట్టి పంపీసింది" అన్నారు చిన్నాన్న. పెదమ్మ పక్కనే ఉంది, అదృష్టం బాగుండి వినిపించుకోలేదు. అలా పుట్టిన బిడ్డని మళ్లీ మళ్లీ తియ్య చెరకు వైపే కలుపుకుంటూ పోతే తీపి తగ్గదు, రెల్లు మొండితనం మిగులుతుంది. ఇవాళ పొలంలో ఉన్న చెరకులో రెల్లు వాటా పదో పదిహేనో శాతమే, కానీ కార్శి తోట, అంటే నరికాక మిగిలిన మొదళ్ల నుంచే పెరిగే తోట, మళ్లీ దుబ్బు కట్టి లేచేది ఆ వాటా బలంతోనే.

ఆవిడ అంతటితో ఆగలేదు. చెరకుకి ఇంకా దూరపు చుట్టాలు ఎవరున్నారో వెతికింది. మొక్కజొన్నతో కలిపింది, జొన్నతో కలిపింది, చివరికి దర్భతో కూడా. మనం తద్దినాలకి వేలికి చుట్టుకునే దర్భ! నేను నమ్మలేదు, చిన్నాన్న కాగితంలో చూపించారు, అక్కడ ఇంపెరాటా అని ఉంది, అది దర్భే. ఈ సంబంధాలన్నీ పొలానికి పనికొచ్చే రకాలు ఇవ్వలేదు. కానీ ఈ గడ్డి జాతులన్నీ లోపల ఎంత దగ్గరి బంధువులో తేల్చాయి. పెళ్లి వద్దని ఓడెక్కిన మనిషి గడ్డి మొక్కలకి సంబంధాలు చూడ్డంలో ఐదేళ్లు గడిపింది. అక్కడ ఆవిడకి హాయిగా ఏమీ సాగలేదు. ఒంటరి ఆడమనిషి, పైగా అప్పట్లో తక్కువగా చూసే కులం. అయినా సి.వి. రామన్ స్థాపించిన భారతీయ విజ్ఞాన అకాడమీ 1935లో ఆవిడని ఫెలోగా తీసుకుంది.

సాయంత్రం అమ్మాయికి ఫోన్లో ఇదంతా చెప్పాను. "అంటే తియ్యగా చేయలేదన్నమాట" అంది. "తీపి ఎలా వస్తుందో లెక్క తేల్చింది" అన్నాను. "పోస్టర్ మీద అది ఎలా రాయను?"

సోమవారం, అరకు

పొద్దున్నే కిరండూల్ పాసింజర్. మాకు కిటికీ సీట్లు దొరకలేదు, కాలేజీ పిల్లలు ఉన్న సీట్లన్నీ ఆక్రమించారు, కానీ దారిలో బోలెడు సొరంగాలు ఉన్నాయి కాబట్టి సగం సేపు ఎవరికీ ఏమీ కనబడదు, సమానత్వం. సొరంగం రాగానే కేకలు, బయటికి రాగానే నవ్వులు. ఆ చీకట్లోనే చిన్నాన్న లండన్ కథ చెప్పారు.

1939 ఆగస్టులో ఎడిన్‌బరోలో జన్యుశాస్త్ర మహాసభ. దానికి అధ్యక్షుడు కావాల్సిన రష్యన్ వావిలోవ్‌ని వాళ్ల ప్రభుత్వం రానివ్వలేదు. పంటలు ఎక్కడ పుట్టాయో ప్రపంచమంతా తిరిగి చెప్పిన ఆ మహానుభావుడు నాలుగేళ్లకి జైల్లో పోయాడు. జానకి అమ్మాళ్ వెళ్లింది, సభ అవుతుండగానే యుద్ధం ముంచుకొచ్చింది, ఆవిడ అక్కడే ఉండిపోయింది. లండన్‌లో మొక్కల మీద పరిశోధన చేసే జాన్ ఇన్స్ సంస్థలో ఉద్యోగం. రాత్రి బాంబులు పడుతుంటే మంచం కిందకి దూరడం, తెల్లారి అలమారాల మీద పడ్డ గాజుపెంకులు తుడిచి మళ్లీ క్రోమోజోములు లెక్కపెట్టడం. 1945లో అక్కడి శాస్త్రవేత్త సి.డి. డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోమ్ అట్లాస్ తెచ్చింది. పొలంలో, తోటలో మనిషి పెంచే మొక్కలు ఏవి, ఒక్కోదానికి ఎన్ని, ఎక్కడివి, అన్నీ అందులో. మన పంచాంగం లాంటిదన్నమాట, ఆ పనిలో ఉన్నవాళ్లకి.

అరకులో దిగేసరికి చిన్నాన్న కాలు బొటనవేలు వంకాయలా వాచింది. చెప్పు కరవడం కాదు, మూడు రోజుల నుంచి దాస్తున్నారు. గౌట్, కీళ్లు వాచి నొప్పి పెట్టే జబ్బు. ఆయనకి పాత సంగతే, నాకే కొత్త. నాకు ఎంత టెన్షన్ వచ్చిందో చెప్పలేను, కొండ మీద ఉన్నాం. ఆయన తాపీగా సంచిలోంచి డాక్టరు రాసిన మాత్ర తీసి, భోజనం అయ్యాక వేసుకుని, ఖాళీ షీటు నా చేతిలో పెట్టి, "చదువు" అన్నారు. కోల్చిసిన్. "అయితే ఏంటి?" అన్నాను. "మీ జానకమ్మ మందే అది!"

నిజంగానే. కోల్చిసిన్ కణం రెండుగా చీలే సమయంలో అడ్డుపడుతుంది. క్రోమోజోములు రెట్టింపయ్యాయి, కానీ చీలి వేరు కావలసిన కణం చీలదు. దాంతో మొత్తం అక్కడే ఉండిపోతుంది, మొక్కకి లెక్క డబుల్ అవుతుంది. ఆకు మందం, పువ్వు పెద్దది, రేకు దళసరి. 1946 నుంచి 51 దాకా ఆవిడ ఇంగ్లండులోని విస్లీ ఉద్యానంలో పనిచేసింది, అక్కడ మాగ్నోలియా అనే పూలచెట్టు మొలకలకి ఈ మందు పెట్టింది. ఆ మొలకల్లోంచి పెరిగిన ఒక తెల్ల మాగ్నోలియాకి ఆవిడ పేరే ఉంది, ఇప్పటికీ వసంతంలో పూస్తోంది. మన కొండల్లో దొరికే అడవినాభి దుంపలో కూడా ఉన్నది ఈ కోల్చిసినే, విషం, అందుకే డాక్టరు లెక్క చెప్పి ఇస్తాడు. మాత్ర వేసుకున్న మనిషి కాలు ఎత్తు మీద పెట్టుకుని ఇదంతా చెబుతుంటే గెస్ట్‌హౌస్ కుర్రాడు కూడా నిలబడి విన్నాడు.

మర్నాటి కోసం దాచుకుందామనుకున్న వలిసె పొలాలు సాయంత్రం ఎండలో కిటికీలోంచే చూశాం. చివరి పూత, అయినా లోయ సగం పసుపు. రాత్రి గెస్ట్‌హౌస్ వంటామె చోడి అంబలి పెట్టింది. చోడి, సామ, వలిసె, ఒక్కో గూడేనికి ఒక్కో విత్తనం. జానకి అమ్మాళ్ తర్వాతి జీవితమంతా ఇటు తిరిగింది. 1951లో నెహ్రూ పిలిస్తే ఇండియా వచ్చి, దేశంలోని మొక్కల లెక్క రాసే బొటానికల్ సర్వేని తిరిగి నిలబెట్టే పని తీసుకుంది. 1955లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో, భూమి రూపాన్ని మనిషి ఎలా మార్చాడు అన్న పెద్ద సదస్సుకి పిలిచినవాళ్లలో ఆడమనిషి ఆవిడొక్కతే. తన తిండికి తాను పండించుకునే మన దేశపు సేద్యం గురించి అక్కడ మాట్లాడింది. ఎనభై వచ్చాక కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవి. కుంతిపుళ నదికి ఆనకట్ట కడితే అడవి మునుగుతుంది, ఆవిడ నిరసనలో చేరడమే కాక ఆ అడవి మొక్కల క్రోమోజోములు లెక్కపెట్టే పని పెట్టుకుంది. నినాదం ఇవ్వడం వేరు, మునిగిపోయేది ఏంటో ముందు లెక్క రాసి పెట్టడం వేరు, నాకు ఈవిడ మీద నిజంగా గౌరవం కలిగింది ఇక్కడే. 1984 ఫిబ్రవరి 7న, మద్రాసు దగ్గర మధురవాయల్‌లోని ప్రయోగశాలలో పనిలో ఉండగానే పోయింది. అదే ఏడాది నవంబర్ 15న సైలెంట్ వ్యాలీ జాతీయ పార్కయ్యింది.

మంగళవారం, సింహాచలం

వేలు వాపు తగ్గింది. శృంగవరపుకోట మీదుగా బస్సులో దిగాం, ఘాటీలో నాకు కళ్లు తిరిగాయి, రాసేదేమీ లేదు.

పెందుర్తి దాటాక చిన్నాన్న సింహాచలంలో దిగుదామన్నారు. "దర్శనానికా?" అంటే "సంపెంగలకి" అన్నారు. సంపెంగ కూడా మాగ్నోలియానే అట, శాస్త్రం ప్రకారం. సింహాద్రి అప్పన్న సంపెంగలు, విస్లీలో జానకి అమ్మాళ్ పువ్వు, రెండూ ఒకే కుటుంబం. నేను ఇన్నేళ్లుగా ఆ పువ్వు తల్లో పెట్టుకుంటున్నాను, నాకు ఎవరూ చెప్పలేదు. మా ఆయన అమ్మాయిని స్కూటర్ మీద తీసుకొచ్చాడు. డిసెంబర్ కదా, పూల కొట్లన్నీ బంతి, చామంతి, గులాబి. సంపెంగ అంటే అందరూ తల అడ్డంగా ఊపారు. చివరికి కొండ కింద బస్టాండు పక్కన ఒక అవ్వ దగ్గర ఆకు దొన్నెలో ఏడు పువ్వులున్నాయి, తోటలో ఏదో చెట్టు కాలం కాని కాలంలో పూసిందట. ఏడుకీ నూట నలభై అంది.

"పువ్వు ఇరవయ్యా?" అంది అమ్మాయి. చిన్నాన్న బేరం ఆడకుండా డబ్బులిచ్చేశారు, ఆయన బేరం ఆడకపోవడం నేను చూడడం అదే మొదటిసారి.

అమ్మాయి ఒక పువ్వు తీసుకుని రేకులు లెక్కపెట్టడం మొదలెట్టింది. "చిన్న తాతయ్యా, దీనికి ఎన్ని?" అంది. రేకులా అన్నారు ఆయన. "కాదు, లోపలివి."

"ముప్పై ఎనిమిది. మీ జానకమ్మ మందు పెడితే డెబ్బై ఆరు."

"పోస్టర్ మీద ఇది రాస్తాను" అంది, "కానీ నువ్వు వేసుకున్న మాత్ర షీటు నాకు ఇవ్వాలి, పక్కన అంటిస్తాను." ఆయన చొక్కా జేబు తడుముకున్నారు. షీటు అరకు గెస్ట్‌హౌస్‌లో చెత్తబుట్టలో ఉంది. జేబులో మడతపెట్టిన కాగితం, శారదా గట్టు మీద విరిచిన ఎండు రెల్లు పుల్ల ఒకటీ ఉన్నాయి. రెండూ దాని చేతిలో పెట్టారు.